ముందు డ్రిల్లా, ముందు ఆటా? గేమ్స్ పీరియడ్‌లో ఏది మేలు

మన ఊళ్లలో ఆటలు నేర్పే సార్‌ని ఇప్పటికీ డ్రిల్ మాస్టారు అనే అంటారు. ఆ పేరులోనే ఒక పద్ధతి ఉంది. విజిల్, వరస, ఒకటి-రెండు-మూడు. ముందు కదలిక కుదరాలి, ఆ తర్వాతే ఆట. నేను అలాగే నేర్చుకున్నాను, ఉద్యోగంలో చేరాక చాలా ఏళ్లు అలాగే నేర్పాను. రెండో పద్ధతి దీనికి తలకిందులు: ముందు ఆట ఆడించాలి, అవసరం తెలిసొచ్చాక కదలిక నేర్పాలి. కబడ్డీ, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటి ఆటలకు ఈ రెండోదే మేలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను. మొదటిది తప్పనిసరి అయ్యే చోటు కూడా చెప్తాను.

వాలీబాల్ నేర్పుతూ ఒకరోజు క్లాసంతటినీ వదిలి, వరస చివర నిలబడ్డ ఒక్క పిల్లాణ్ణే గమనించాను. యాభై మంది, రెండు బంతులు, రెండు వరసలు. హాజరు, వార్మప్ పోగా మిగిలింది అరగంట. ఒక్కో వంతుకు పదిహేను సెకన్లు. ఆ పిల్లాడు కాలి బొటనవేలితో దుమ్ములో తన పేరు రాశాడు, చెరిపాడు, మళ్లీ రాశాడు. వంతు వచ్చింది. నేను విసిరిన బంతి వాడి మణికట్టుకు తగిలి పక్కకు పోయింది. వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అరగంటలో ఐదుసార్లు బంతి తాకాడు, అందులో ఒక్కటే సరిగ్గా లేచింది. దూరం నుంచి చూసేవాళ్లకు ఆ క్లాసు ఎంతో క్రమశిక్షణగా కనిపించి ఉంటుంది.

ఇలా లెక్కపెట్టడం కొత్తేమీ కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డారిల్ సీడెన్‌టాప్ బృందం 1970ల చివర్లోనే దీనికోసం ఒక పరిశీలన పద్ధతి తయారుచేసింది. పీరియడ్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కలో పిల్లవాడు ఏం చేస్తున్నాడో రాసుకోవాలి: వింటున్నాడా, వంతు కోసం నిలబడ్డాడా, ఆడుతున్నాడా, ఆడుతూ సఫలమవుతున్నాడా. నేర్చుకునే సమయం కింద లెక్కకు వచ్చేది ఆ చివరిదే. మాస్టారు ఎంత బాగా చెప్పారన్నది కాదు, పిల్లవాడు ఎంతసేపు సరిగ్గా చేశాడన్నదే కొలత. నా పద్ధతిని నేను తిరిగి చూసుకున్నది ఈ కొలతతోనే.

ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో డేవిడ్ బంకర్, రాడ్ థార్ప్ 1982లో ముందుకు తెచ్చిన ప్రశ్న వేరు. డ్రిల్లులో చక్కగా చేసే పిల్లలు మ్యాచ్‌లో ఎందుకు తడబడతారు? డ్రిల్లు ‘ఎలా’ కొట్టాలో నేర్పుతుంది. ఎప్పుడు, ఎటు అన్న నిర్ణయం మాస్టారి విజిల్‌లోనే ఉండిపోతుంది. అందుకే వాళ్లు వరస తిరగేశారు. ముందు పిల్లల స్థాయికి తగ్గించిన ఆట, అందులోంచి ఎత్తుగడ, ఏం చేయాలన్న నిర్ణయం, ఆ తర్వాత దానికి కావలసిన కదలిక. ఆటను తగ్గించడంలో ఒక కిటుకుంది: ఏది నేర్పాలో దాన్ని పెద్దది చేసి చూపించాలి. బ్యాడ్మింటన్‌లో కోర్టును సన్నగా, పొడుగ్గా గీస్తే పక్కలకు కొట్టే వీలుండదు. ఎదుటివాణ్ణి వెనక్కి పంపి ముందు వేయాలని పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు.

మన కబడ్డీకి ఇది అతికినట్టు సరిపోతుంది. పెద్ద కోర్టులో ఏడుగురికి ఏడుగురు ఆడితే అవుటైనవాళ్లు బయట కూర్చోవాలి. ఎవరు ముందు అవుటవుతారు? అందరికంటే బలహీనమైనవాడు. అంటే ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాడే ఎక్కువసేపు బయట కూర్చుంటాడు. అందుకని సున్నంతో ఎనిమిది చిన్న కోర్టులు గీసి, ముగ్గురికి ముగ్గురిని పెట్టాను. అవుటైతే పాయింటు పోతుంది గానీ ఎవరూ బయటికి వెళ్లరు. కూతకు ముప్పై సెకన్లు. ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరు ఆరుసార్లైనా కూతకెళ్తారు, ఇరవై కూతలకు పట్టు పట్టే వైపు ఉంటారు. నలభై ఎనిమిది మంది ఒకేసారి ఆడుతుంటే మిగిలిన ఇద్దరూ స్కోరు రాస్తారు, తర్వాత వాళ్లూ మారతారు.

వాలీబాల్‌కి రెండు వేపచెట్ల మధ్య తాడు కట్టి, జాతరలో దొరికే ప్లాస్టిక్ బంతులు తెచ్చాను. అవి తేలిక, మెల్లగా దిగుతాయి, చేతులు మండవు. ఇద్దరికి ఇద్దరు, మొదట్లో పట్టుకుని విసరడమే. రెండో వారం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఆట ఆపి నా దగ్గరికి వచ్చింది. “సార్, నేను పట్టుకునేలోపు వాళ్లు సర్దుకుంటున్నారు. పట్టుకోకుండా లేపొచ్చా? నేను లేపితే ఎటో పోతోంది సార్.” “రా అమ్మా, మోచేతులు వంచకు, మోకాళ్లు వంచు,” అన్నాను. పది బంతులు వేశాను. ఐదో బంతికే చేతులు చాచి, బంతి కిందికి జరిగి లేపింది. అదే మాట ఏళ్ల తరబడి వరసలకు చెప్పాను. ఆ అమ్మాయి విన్నట్టు ఎవరూ వినలేదు, ఎందుకంటే ఆ మాట అవసరం అప్పటికే ఆమెకు తెలిసి వచ్చింది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. బంతి ఇచ్చేసి ‘ఆడుకోండ్రా’ అని చెట్టు కింద కూర్చోవడం ‘ముందు ఆట’ పద్ధతి కానే కాదు. అక్కడ ఆడేది నలుగురు గట్టివాళ్లే. మిగతావాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, గీత బయట నిలబడతారు. దానికంటే డ్రిల్లే వెయ్యి రెట్లు నయం, కనీసం అందరికీ ఐదు బంతులైనా అందుతాయి. రెండో పద్ధతిలో మాస్టారి పని ఇంకా ఎక్కువ: కోర్టు కొలతలు మార్చాలి, రూల్స్ మార్చాలి, ఆట ఆపి ‘అక్కడ ఖాళీ ఎందుకొచ్చింది?’ అని అడగాలి.

ఇక డ్రిల్లుదే పైచేయి అయ్యే చోటు. జావెలిన్, షాట్‌పుట్, ఫార్వర్డ్ రోల్, ఈత. వీటిలో కనిపెట్టనిస్తే మెడలు విరుగుతాయి. ‘విసురు’ అన్నప్పుడే విసరాలి, ‘తెచ్చుకో’ అన్నప్పుడే అందరూ కలిసి వెళ్లాలి. 1966లో మస్కా మాస్టన్ అనే వ్యాయామవిద్యా నిపుణుడు బోధనా శైలులను వరసగా పేర్చినప్పుడు, ఒక కొసన అన్నీ ఉపాధ్యాయుడే నిర్ణయించే ఆజ్ఞా శైలిని పెట్టాడు. పిల్లలే నిర్ణయించుకునే శైలులు రెండో కొసకు వస్తాయి. ఏ ఒక్కటీ అన్నిటికంటే గొప్పది కాదని, చేసే పనిని బట్టి ఎంచుకోవాలని ఆయనే తర్వాత తేల్చి చెప్పాడు.

పరిశోధనలన్నీ ఆట వైపే తీర్పిచ్చాయని కూడా అనను. 1990ల్లో హైస్కూలు పిల్లలకు బ్యాడ్మింటన్ నేర్పుతూ ఈ పద్ధతులను ఒకసారి మూడు వారాలు, ఇంకోసారి ఆరు వారాలు పోల్చి చూసిన అధ్యయనాల్లో ఒక పద్ధతి ఇంకోదాన్ని చిత్తుగా ఓడించలేదు. కానీ నాకు యాభై మంది, రెండు బంతులు. నా గ్రౌండులో కదిలే పిల్లల సంఖ్యే నాకు తూకం.

డ్రిల్ చేయించాల్సి వచ్చినా ఎలా చేయించాలన్నది ముఖ్యం. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు పిల్లలతో గింజల సంచులు గురి చూసి విసిరించారు. కొందరు మూడడుగుల దూరం నుంచే సాధన చేశారు. ఇంకొందరు రెండు, నాలుగు అడుగుల నుంచి చేశారు, మూడడుగులది వాళ్లు చేయనే లేదు. చివరికి మూడడుగుల పరీక్షలో వీళ్లదే మంచి గురి. 1986లో బ్యాడ్మింటన్ సర్వీసుల మీద గూడ్, మెగిల్ చేసిన అధ్యయనంలోనూ మూడు రకాల సర్వీసులను కలగలిపి సాధన చేసినవాళ్లే తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేశారు. అయితే బడి మైదానాల్లో, చిన్నపిల్లల దగ్గర ఇలా కలగలిపిన సాధన వల్ల తేడా అంత గట్టిగా కనిపించలేదు. అందుకని బొత్తిగా రానివాళ్లకు మొదట ఒకే రకం ఇస్తాను, చేయి కుదిరాక దూరం, ఎత్తు, దిక్కు మారుస్తాను.

మూడో దారి ఒకటుంది, దాన్నీ వాడుతున్నాను. సీడెన్‌టాపే చెప్పిన సీజన్ పద్ధతి: కొన్ని వారాలు ఒకే ఆట, మారని జట్లు, ప్రతి జట్టులో కెప్టెన్, రిఫరీ, స్కోరర్, చివర్లో ఒక పండగలాంటి ఫైనల్. తొమ్మిది, పది తరగతులకు బాగా కుదురుతుంది. ఆరో తరగతికి ఇంకా బరువే.

ఇప్పుడు నా పీరియడ్ ఇలా ఉంటుంది: ఐదు నిమిషాలు హాజరు, వార్మప్. పదిహేను నిమిషాలు చిన్న ఆట. ఎక్కడ తప్పుతోందో చూసి, ఎనిమిది నిమిషాలు దానికే డ్రిల్, ఇద్దరికో బంతి చొప్పున. మళ్లీ అదే ఆట, బెల్లు కొట్టేదాకా. దుమ్ములో పేరు రాసుకున్న పిల్లాడు ఇప్పుడు మూడో కోర్టులో ఆడుతున్నాడు. మొన్న వాడు బంతిని తాడు పక్కనే మెల్లగా వదిలాడు. ఎందుకలా వేశావని అడిగితే, “వాళ్లిద్దరూ వెనకున్నారు కదా సార్,” అన్నాడు.