శేషాచలం కొండల్లో మూడు రోజులు: రాయి మారితే చెట్టు మారింది

డిసెంబరులో మూడు రోజులు తిరుమల, తలకోన తిరిగొచ్చాం. అమ్మ వచ్చింది దర్శనానికి, నేను వెళ్ళింది చెట్ల కోసం.

తిరుమలకు బస్సులో వెళ్తే కొండ వైపు కిటికీ పట్టుకోండి. కింద ఉన్నది గ్రానైట్ జాతి పాత రాయి. దాని మీద పొరలు పేర్చిన గోడలా క్వార్ట్జైట్ అనే గట్టి రాయి నిలబడి ఉంటుంది. ఆ రెండూ కలిసే గీత దగ్గర కోట్ల ఏళ్ళ చరిత్ర గల్లంతు, అంటే మధ్య కాలపు రాతి పొరలే లేవు. దాన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. బస్సులో అది రెప్పపాటులో దాటిపోతుంది. మోకాళ్ళు సహకరిస్తే అలిపిరి మెట్లే మేలు. నడిచేవాళ్ళకే కాలి కింద మట్టి మారడం తెలుస్తుంది.

పైన శిలాతోరణం దగ్గర అందరూ సెల్ఫీల్లో మునిగిపోయారు. ఆ తోరణమూ క్వార్ట్జైటే. ఈ రాయి అరిగితే మిగిలేది ఇసుక. అందులో సారం తక్కువ, నీళ్ళు నిలవవు. అలాంటి చోట మామూలు చెట్లు తడబడతాయి, మొండివి నిలుస్తాయి. పొట్టి ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమి ఈ ప్రాంతపు కొండల్లో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. కొండ సాంబ్రాణి, మొగి చెట్లు కూడా ఈ రాళ్ళనే నమ్ముకున్నాయి.

నాకు అసలు నచ్చింది తలకోన. తిరుపతి నుంచి కారులో భాకరాపేట మీదుగా వెళ్ళాం. దారిలో గైడ్‌గా వచ్చిన కుర్రాడు ఒక ఎర్రచందనం దగ్గర ఆపాడు. బెరడు మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంది. ఆకుకు మూడేసి గుండ్రటి రేకులు. కింద రాలిన కాయ బిళ్ళలా పలచగా, చుట్టూ రెక్కతో ఉంది. మొదలు చూస్తే మట్టే లేదు, అంతా రాళ్ళ గుట్ట! అడిగితే నవ్వాడు. “దానికి రాయే కావాలన్నా. నీళ్ళు నిలిచే చోట పెడితే కుళ్ళిపోతాది.”

అక్కణ్ణుంచి జలపాతం వైపు దిగగానే వేరే ఊరికి వచ్చినట్టుంది. పగుళ్ళలోకి ఇంకిన వాన నీళ్ళు లోయలో ఊటలై దిగుతాయి. నీడ, చల్లదనం, ఆకులు కుళ్ళిన నల్ల మట్టి. గిల్లతీగ ఏనుగు తొండమంత లావున చెట్ల మీదుగా పాకి పోయింది. దాని కాయ మీటరు పొడవు దాకా ఉంటుందట. ఎర్రచందనం ఇక్కడ వెతికినా కనిపించలేదు. జలపాతం 270 అడుగులు, వానల తర్వాత కాబట్టి నిండుగా ఉంది. మెట్లు మాత్రం పాచి పట్టి జారుతున్నాయి, చెప్పులు మార్చుకోండి.

తలకోనలో బస గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మేం దిగిన చోట వేడినీళ్ళు రాలేదు, ఫోన్ చేస్తే “వస్తాయి సార్” అనడం తప్ప ఎవరూ రాలేదు. రాత్రి భోజనం మాత్రం బాగుంది, రాగిసంగటి, నాటుకోడి పులుసు. కిటికీ తెరిస్తే కోతులు లోపలికొస్తాయి, జాగ్రత్త. రెండు రాత్రులు ఉండాలంటే తిరుపతిలోనే గది తీసుకుని పొద్దున్నే బయల్దేరడం నయం.

తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించారు, దొంగ ఎర్రచందనం దుంగలుంటాయేమోనని. దొరికింది అమ్మ సంచిలో అరడజను లడ్డూలు, ఒక ఖాళీ పులిహోర గిన్నె.