మా భజన మందిరంలో చక్: మూడేళ్ళ వాడకం తర్వాత

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి రామమందిరంలో ప్రతి శనివారం భజన జరుగుతుంది. మృదంగం మా పెదనాన్నది, హార్మోనియం నాది. మోకాళ్ళ నొప్పులతో పెదనాన్న రాలేని వారాలు పెరిగాయి. కనీసం సాధనకైనా శ్రుతీ తాళమూ పలికే ప్రోగ్రాం ఒకటి రాసుకుందామని మూడేళ్ళ కిందట ‘చక్’ పట్టుకున్నాను. ఫోన్లో శ్రుతిపెట్టె యాప్‌లు బోలెడున్నాయి కదా అని చాలామంది అడుగుతారు. ఉన్నాయి. నేను చూసినవాటిలో నిమిషానికి ఇన్ని దెబ్బలని ఒకసారి పెడితే చివరిదాకా అదే నడక. మా భజన అలా నడవదు.

చక్ సంగీతం కోసమే పుట్టిన ప్రోగ్రామింగ్ భాష. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గె వాంగ్, పెరీ కుక్ కలిసి తయారుచేశారు. 2003లో బయటికొచ్చింది. పైసా ఖర్చు లేదు, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఇప్పుడు పని ఎక్కువగా స్టాన్‌ఫర్డ్ చుట్టూ నడుస్తోంది. ఐఫోన్‌ మైకులోకి ఊదితే పిల్లనగ్రోవిలా పలికే ‘ఒకరీనా’ యాప్ 2008లో వచ్చింది. దాని లోపల స్వరాలు పలికించింది చక్కే.

నన్ను పట్టి నిలబెట్టింది మాత్రం ఇది కాలాన్ని చూసే పద్ధతి. ఈ భాషలో కాలం దానంతట అది కదలదు. ‘అర సెకను ముందుకు’ అని మనం రాస్తేనే కదులుతుంది. రాయకపోతే ఎన్ని లైన్లున్నా అన్నీ ఒకే క్షణంలో జరిగిపోతాయి. మామూలు సౌండ్ సెట్టింగులో సెకనుకు 44,100 శాంపిళ్ళు (శబ్దపు అతిచిన్న తునకలు) ఉంటాయి, కావాలంటే ఒక్క శాంపిల్ మేరకు కూడా జరగొచ్చు. ఒకేసారి నడిచే భాగాలను ‘ష్రెడ్లు’ అంటారు. నాకు శ్రుతికి ఒకటి, మృదంగం కుడి మూతకి ఒకటి, ఎడమ మూతకి ఒకటి, తాళాలకి ఒకటి. అన్నీ ఒకే గడియారం చూసి నడుస్తాయి కాబట్టి ఎంతసేపు వాయించినా ఒకదానికొకటి తప్పిపోవు.

పెదనాన్న దెబ్బలు ఒక్కొక్కటీ ఫోన్లో రికార్డు చేసి, ఆదితాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు, వేయించి మొదటిసారి ఆయనకి వినిపించాను. ఒక చరణం విన్నారు. “ఏట్రా ఇది, గోడ గడియారంలా కొడతంది” అన్నారు. నిజమే. మనిషి చేతిలో కాస్త ముందూ వెనకా ఉంటుంది కదా అని ప్రతి దెబ్బనీ ఎటో ఒకవైపు కొన్ని మిల్లీసెకన్లు జరిగేలా మార్చి మళ్ళీ వినిపించాను. “ఇప్పుడు చెయ్యి తిరగని కుర్రోడు వాయించినట్టుంది” అన్నారు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. “చరణం ఆఖరికి జనం ఊపందుకుంటారు, వాళ్ళతో మనమూ ఊపందుకోవాలి. పల్లవికి తిరిగొచ్చాక దించాలి. ముక్తాయింపు ముందర పిసరంత ఆపాలి. నీ ఇష్టమొచ్చినట్టు జరిపితే కాదురా.”

ఆ మాటని కోడులో పెట్టడానికి నాకు ఒక సాయంత్రం చాలింది. చక్‌లో వ్యవధి అనేది అంకె కాదు, విడిగా ఒక రకం. దాన్ని కూడొచ్చు, తీసెయ్యొచ్చు, హెచ్చవెయ్యొచ్చు. ఒక్కో అక్షరానికి 600 మిల్లీసెకన్లతో మొదలై, ఆవృత్తం (తాళం ఒక పూర్తి చుట్టు) ఆవృత్తానికీ కొంచెం తగ్గుతూ, చరణం చివరికి 480కి వచ్చి, పల్లవి దగ్గర మళ్ళీ నెమ్మదించేలా రాశాను. ముక్తాయింపు ముందు ఆ పిసరంతని కూడా కలిపాను. అన్ని ష్రెడ్లూ ఆ ఒక్క విలువనే చూస్తాయి కాబట్టి వేరే మార్పేమీ అక్కర్లేకపోయింది. పెదనాన్న విని ఏమీ అనలేదు. తొడమీద తాళం వేయడం మొదలుపెట్టారు.

శ్రుతి దగ్గర కూడా అలాంటిదే జరిగింది. మాది ఒకటిన్నర శ్రుతి, అంటే షడ్జమం సుమారు 138.6 హెర్ట్జ్. పంచమానికి దానికి ఒకటిన్నర రెట్లు, అంతర గాంధారానికి ఒకటింబావు రెట్లు అని రాస్తే గాంధారం 173.2 దగ్గర పడుతుంది. నా హార్మోనియంలో అదే గాంధారం 174.6. తేడా ఒకటిన్నర హెర్ట్జ్ కూడా లేదు. అయినా చక్ శ్రుతి మీద హార్మోనియం గాంధారం అదిమి పెడితే, పై స్వరాంశాలు (స్వరంతోపాటే సన్నగా పలికే పై నాదాలు) ఒరుసుకుని సెకనుకి ఐదారుసార్లు అలలా వణకడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఆ మెట్టు దగ్గర ఏదో చిరాకుగా ఉండేది. కారణం ఇప్పుడు తెలిసింది. ఈ మధ్య గాంధారం మీద ఎక్కువసేపు నిలవాల్సిన చోట హార్మోనియం వదిలేసి గొంతుకే వదులుతున్నాను.

ఇక ఈ భాషలో ఈమధ్య వచ్చిన మార్పుల సంగతి. 2023లో 1.5 వరుస మొదలైంది. దాంతో తప్పుల సందేశాలు మనిషికి అర్థమయ్యేలా మారాయి. నేను మొదట్లో వేసుకున్న పాత వెర్షన్‌లో తప్పు ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టేది. ఇప్పుడు తప్పున్న లైను చూపించి, సరిగ్గా ఎక్కడో గుర్తుపెట్టి చెబుతుంది. చెప్పేవాళ్ళు పక్కన లేకుండా నేర్చుకునే నాలాంటివాడికి ఇంతకన్నా పెద్ద మేలు లేదు. 2025లో ‘చంప్’ అనే ప్యాకేజీ మేనేజర్ కూడా వచ్చింది. ఇంతకుముందు అదనపు ప్లగిన్ కావాలంటే తెచ్చుకుని, కంపైల్ చేసి, సరైన ఫోల్డరులో పెట్టాలి. ఇప్పుడు ఒక్క కమాండు. బొమ్మలు గీసే ‘చగల్’ కూడా వచ్చింది కానీ నా పాత లాప్‌టాప్ దాన్ని మోయలేకపోయింది, వదిలేశాను. శబ్దాన్ని గుర్తుపట్టే మెషీన్ లర్నింగ్ పనిముట్లతో మృదంగం దెబ్బలు వేరుచేసి చూశాను. నం, దిం బాగానే పట్టింది, గది మారితే తొం దగ్గర తడబడింది. దీనిమీద ఇంకా పని చెయ్యాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది బ్రౌజర్లో నడిచే వెబ్ చక్. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. మా వీధి పిల్లలు ఫోన్లోనే తెరిచి ఏడు లెక్కల మిశ్రచాపు తాళాన్ని మూడు, నాలుగుగా విరిచి వేయిస్తున్నారు. వాళ్ళకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. తెలుగు మాట్లాడతారు, చాలామందికి చదవడం రాదు. నేర్చుకునే పాఠాలేమో నాకు దొరికినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అందుకని నోట్సు తెలుగులో రాసుకుని పైకి చదివి వినిపిస్తాను, వాళ్ళు ఒడియా లిపిలో రాసుకుంటారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మాట్లాడే మాటలోనే నేర్పాలని నాకు గట్టిగా ఉంది.

ఇబ్బందులూ చెప్పాలి. లినక్స్‌లో నేను సోర్స్ తెచ్చుకుని కంపైల్ చేసుకోవలసి వచ్చింది. కొత్తవాళ్ళు అక్కడే ఆగిపోతారు. లోపల సితార్ అనే వాద్యం ఉంది, కానీ నా చెవికి అది సితార్‌లా అనిపించదు. మృదంగం, తంబురా లేనే లేవు, మనమే రికార్డు చేసుకోవాలి. ఇంకొకటి నేను దెబ్బతిని తెలుసుకున్నది. ఒక ష్రెడ్‌లోంచి పుట్టిన ష్రెడ్లు, ఆ తల్లి ష్రెడ్ ముగిస్తే దాంతోపాటే ఆగిపోతాయి. శ్రీరామనవమి ముందు సాధనలో పదహారు ఆవృత్తాలకి తాళం రాసుకుని వెళ్ళాను. జనం పల్లవి ఇంకోసారి ఎత్తుకున్నారు. తాళం అయిపోయింది, దాంతో శ్రుతీ టక్కున ఆగిపోయింది. ఇరవై మంది గొంతులు ఆధారం లేక ఒక్కసారి కిందికి జారాయి. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. తల్లి ష్రెడ్‌ని చివర్లో ఊరికే కాలం గడుపుతూ ఉండమని రెండు లైన్లు రాస్తే సరిపోయేది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇది ముందే నేర్చుకోండి. బ్లూటూత్ స్పీకరు కూడా వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది. వైరు వాడండి.

నాకు తెలిసిన ఒడియా సంకీర్తన బృందం వాళ్ళు మొన్న అడిగితే ఇదే ఫైలు ఇచ్చాను. దెబ్బల వరుస, రికార్డింగులు మార్చుకున్నారు, మిగతాది అలాగే వాడుతున్నారు.

నేను తొం రికార్డు చేసింది మే నెల మధ్యాహ్నం. ఎడమ మూతకి అంటించిన రవ్వ ముద్ద వేడికి త్వరగా ఆరిపోయి నాదం పైకి పోయింది. కార్తీకంలో పెదనాన్న ఇంట్లో కూర్చుని వాయించినప్పుడు అదే తొం బాగా కిందికి, గుండ్రంగా పలికింది. నిన్న రాత్రి అదే మళ్ళీ రికార్డు చేశాం, ముద్ద తడిగా ఉన్నప్పుడు పన్నెండు దెబ్బలు, కాస్త ఆరాక ఇంకో పన్నెండు. ఈ శనివారానికి రెండూ ఎక్కిస్తాను, ఆవృత్తాలు గడిచేకొద్దీ తడి తొం నుంచి ఆరిన తొంకి జరిగేలా.