సాధారణ బీమాలో ఫెలోషిప్: ఏళ్ల తరబడి వాడిన తరువాత నా అంచనా

ముంబై కేంద్రంగా 1955లో ఏర్పడిన ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే పరీక్షల్లో సాధారణ బీమా (జీవిత బీమా కానిది) విభాగం ఎంచుకుని, లైసెన్షియేట్, అసోసియేట్ మెట్లు దాటి ఫెలోషిప్ తీసుకున్నవాడిని. అప్పటినుంచి కోస్తా ఆంధ్రలో అండర్‌రైటింగ్‌లోనూ (రిస్కును అంచనా వేసి పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చే పని) క్లెయిముల్లోనూ పనిచేస్తున్నాను. పేరు పక్కన ఆ అక్షరాలు చేరడం వల్ల జరిగిన మేలు తక్కువేననీ, వాటికోసం చదివిన రెండు మూడు పేపర్లు మాత్రం ఇప్పటికీ దాదాపు ప్రతిరోజూ పనికొస్తున్నాయనీ ముందే చెప్పడం మంచిది.

పద్ధతి సులువుగానే ఉంటుంది. ఒక్కో పేపరుకు కొన్ని క్రెడిట్లు ఉంటాయి. 60 చేరితే లైసెన్షియేట్, 250 చేరితే అసోసియేట్, 490 చేరితే ఫెలో. మొదటి మెట్టులో వచ్చినవి పై మెట్లలోనూ లెక్కకు వస్తాయి కనుక ఉద్యోగం చేసుకుంటూ నెమ్మదిగా పూర్తిచేయవచ్చు.

నా దృష్టిలో మొత్తం చదువులో అన్నిటికంటే విలువైనది ఐసీ 57, అంటే అగ్ని బీమా పేపరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడిన తరువాత మా ముందుకు వచ్చిన క్లెయిముల్లో ఒక బట్టల వ్యాపారిది ఉంది. దీపావళి సరుకు దిగిన రోజులు కావడంతో ఆయన గోడౌన్‌లో 80 లక్షల రూపాయల సరుకు ఉన్నట్టు స్టాకు రిజిస్టరూ, బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంటూ రెండూ చెబుతున్నాయి. పాలసీ మాత్రం 60 లక్షలకే ఉంది. పైకప్పు రేకులు లేచిపోయి, తడిసి పనికిరాకుండా పోయిన సరుకు 12 లక్షలది. సర్వేయరు 9 లక్షలకు తేల్చి, అందులోంచి ఎక్సెస్ (క్లెయిములో పాలసీదారు తానే భరించాల్సిన మొత్తం) తగ్గించారు. “అరవై లక్షలకు పాలసీ ఉంది కదండీ, పోయింది పన్నెండే కదా, మూడు లక్షలు ఎందుకు కోశారు?” అని ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు, బీమా గురించి తెలియని ఎవరైనా అదే అడుగుతారు. ఉన్న సరుకులో నాలుగో వంతుకు ప్రీమియం కట్టలేదు కనుక ఆ వంతుకు ఆయనే తనకు తాను బీమాదారు అవుతాడనీ, నష్టంలోనూ అదే వంతు భరించాలనీ చెప్పే యావరేజ్ క్లాజును కాగితం మీద అంకెలు వేసి చూపించగలిగాను. ఆ తరువాత ప్రతి ఏటా పండుగ నెలలకు బీమా మొత్తాన్ని పెంచే ఎండార్స్‌మెంటు (పాలసీకి జతచేసే సవరణ పత్రం) ఆయనే వచ్చి అడిగి తీసుకునేవారు.

ఇదే క్లాజు విషయంలో చదువుకున్నదాని పరిమితి కూడా బయటపడుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు భారత్ గృహ రక్ష, ఒక చోట ఉన్న మొత్తం ఆస్తి విలువ 5 కోట్లు మించని వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష వచ్చాయి. గృహ రక్షలో తక్కువ బీమా పేరుతో కోత వేయడం అన్నదే లేదు. సూక్ష్మ ఉద్యమ్‌లో 15 శాతం లోపు తేడాను పట్టించుకోరు. అంతకుముందు పరీక్ష రాసినవారు పాత పాఠాన్నే పట్టుకుని ఇంటి యజమానికి యావరేజ్ వర్తింపజేస్తే అది శుద్ధ తప్పు. మోటారు పేపరుదీ అదే కథ: మోటారు వాహనాల 2019 సవరణ చట్టం అమలయ్యాక, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలన్న నిబంధన వచ్చి పాత లెక్కలు మారిపోయాయి. చట్టం మారిన మరునాడే ఏ పాఠ్యపుస్తకమూ మారదు కనుక, ఫెలో అనిపించుకున్నవారు హైదరాబాదు నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ విడుదలచేసే సర్క్యులర్లు చదవడం మానకూడదు.

రెండో స్థానం ఐసీ 85కు, అంటే రీఇన్సూరెన్సుకు (బీమా కంపెనీ తన రిస్కులో కొంత మరో కంపెనీకి అప్పగించడం) ఇస్తాను. శాఖలో కూర్చుని పనిచేసేవారికి ఇది దండగ అని చాలామంది అనుకుంటారు. కానీ చేతిదాకా వచ్చిన పెద్ద స్పిన్నింగ్ మిల్లు వ్యాపారాన్ని హెడ్ ఆఫీసు ఎందుకు వద్దంటుందో, సర్‌ప్లస్ ట్రీటీ (ముందే కుదుర్చుకున్న రీఇన్సూరెన్స్ ఒప్పందం) సామర్థ్యం దాటిన రిస్కుకు ఫ్యాకల్టేటివ్ మద్దతు, అంటే ఆ ఒక్క రిస్కుకే విడిగా తీసుకునే రీఇన్సూరెన్స్, దొరికేదాకా కవర్ నోటు (పాలసీకి ముందు ఇచ్చే తాత్కాలిక బీమా పత్రం) ఎందుకు ఇవ్వకూడదో తెలియకపోతే, బ్రోకరు ముందు నీళ్లు నమలడమే మిగులుతుంది. ప్రతి పాలసీలో ప్రభుత్వ రీఇన్సూరెన్స్ సంస్థ జీఐసీ రీకి తప్పనిసరిగా వెళ్లే వాటా సంగతి కూడా నాకు ఈ పేపరు ద్వారానే అర్థమైంది. బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్, అంటే ప్రీమియం చేతికి అందనిదే రిస్కు మొదలుకాదన్న నియమం, మొదటి పేపర్లలోనే వస్తుంది. చెక్కు బౌన్సయిన క్లెయిముల్లో ముందు చూసేది అదే.

లోపం పరీక్ష రూపంలోనే ఉంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతి జ్ఞాపకశక్తిని కొలుస్తుందే తప్ప, సర్వే రిపోర్టులో సాల్వేజి (పాడైన సరుకులో మిగిలిన) విలువ అనుమానాస్పదంగా ఉందని పసిగట్టే చూపును కొలవలేదు. క్లెయిము తిరస్కరిస్తూ, రేపు వినియోగదారుల కమిషన్‌లో నిలబడేలా ఉత్తరం రాయడం కూడా ఈ పరీక్షల వల్ల రాదు. అది సీనియర్ల ఫైళ్లు తిరగేస్తేనే అబ్బుతుంది. అందుకే డెస్కు మీద పని చేయకుండా కేవలం పేపర్లు పాసైనవారి ఫెలోషిప్‌కు నేను పెద్ద విలువ ఇవ్వను.

డబ్బు సంగతికి వస్తే, ప్రభుత్వ రంగ కంపెనీల్లో అసోసియేట్‌కూ ఫెలోకూ వేతనంలో కొంత గుర్తింపు ఉంది. ప్రైవేటులో అది మేనేజరు మనసును బట్టి ఉంటుంది. పాలసీలు అమ్మడం వరకే తమ పని అనుకునే ఏజెంట్లకు వారి లైసెన్సు పరీక్ష పేపరు ఐసీ 38 చాలు. హైదరాబాదులో అమెరికా కంపెనీల క్లెయిములు, పాలసీ ప్రాసెసింగ్ చూస్తున్న కుర్రాళ్లు ఇదే చదవాలా అని నన్ను తరచూ అడుగుతుంటారు. వాళ్లకు మన ఫెలోషిప్ కంటే, పెన్సిల్వేనియా కేంద్రంగా 1942లో మొదలైన సీపీసీయూ అనే అమెరికా బీమా అర్హత నయం. వాళ్లు రోజూ చూసే హోమ్‌ఓనర్స్ పాలసీలూ, రాష్ట్రానికో తీరుగా ఉండే అమెరికా నియంత్రణా అందులోనే ఉంటాయి. రుసుములు డాలర్లలో ఉంటాయి కనుక, కంపెనీ తిరిగి చెల్లిస్తుందో లేదో హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడిగాకే పేరు నమోదు చేసుకోవాలి.