పోలార్ హెచ్10 ఛెస్ట్ స్ట్రాప్: గుండె లయ తప్పే మోటోక్రాస్ రైడర్లకు ఎంతవరకు పనికొస్తుంది?

మోటోక్రాస్‌లో, అంటే ఎగుడుదిగుడు మట్టి ట్రాక్ మీద సాగే బైక్ రేసులో, గుండెకు ఊపిరి సలపదు. చేతులు, తొడలు బిగించి, తెలియకుండానే శ్వాస బిగబట్టి నడిపే ఆట ఇది. ఎంత ఫిట్‌గా ఉన్న రైడర్‌కైనా రేసు మొదలైన కొద్ది నిమిషాల్లోనే గుండె వేగం గరిష్ఠానికి దగ్గరగా చేరి, చివరి ల్యాప్ దాకా దాదాపు అక్కడే ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ లేకుండా అదరడం) గానీ, తరచూ ఎక్టోపిక్ బీట్లు (వేళకు ముందే వచ్చే అదనపు బీట్లు) గానీ ఉన్నవాళ్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ దడ శ్రమ వల్లనా, లయ తప్పడం వల్లనా అన్నది బైక్ మీద ఉండగా తెలియదు. ఛాతీకి కట్టుకుని గుండె బీట్లను నమోదు చేసే ఈ హెచ్10 పట్టీ కూడా ఆ క్షణంలో తేల్చి చెప్పదు. ట్రాక్ దిగాక ఏం జరిగిందో చూసుకోవడానికి మాత్రం చాలా మంచి సాధనం. ఆ తేడా తెలిసి కొనేవాళ్లకే ఇది పనికొస్తుంది.

చేతికి వాచీ ఉండగా ఇదెందుకు అంటే, వాచీ ఆకుపచ్చ వెలుతురుతో చర్మం కింద రక్తం కదలికను చూస్తుంది. హ్యాండిల్‌బార్ అదురు, గ్రిప్ బిగింపు, గ్లోవ్ పట్టీ ఒత్తిడి, ఈ మూడూ ఆ రీడింగును చెడగొడతాయి. పైగా ఫిబ్రిలేషన్‌లో కొన్ని బీట్లు బలహీనంగా ఉండి మణికట్టు దాకా నాడిగా రానే రావు. అలాంటప్పుడు వాచీ అసలు కంటే తక్కువ చూపి ధీమా ఇస్తుంది, అది మరీ ప్రమాదం. హెచ్10 ఛాతీ మీద ఎలక్ట్రోడ్లతో గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ బీట్లను కూడా లెక్కిస్తుంది. బీటుకీ బీటుకీ మధ్య వ్యవధిని మిల్లీసెకండ్లలో ఇస్తుంది. మనకు కావలసింది అదే.

కట్టుకోవడంలోనే సగం పని ఉంది. నిటారుగా నిలబడి బిగిస్తే, బైక్ మీద ముందుకు వంగినప్పుడు స్ట్రాప్ కిందికి జారుతుంది. రైడింగ్ భంగిమలో వంగి, ఛాతీ కండరాలకు సరిగ్గా కింద ఉండేలా బిగించండి. కిడ్నీ బెల్ట్ (నడుముకు ఆసరాగా కట్టే వెడల్పాటి పట్టీ) వేసుకుంటే దాని పై అంచు స్ట్రాప్‌ను పైకి నెడుతుంది, రెండింటికీ మధ్య వేలి వెడల్పు ఖాళీ ఉంచండి. ఛెస్ట్ ప్రొటెక్టర్ గట్టి భాగం నేరుగా పాడ్ (స్ట్రాప్‌కు తగిలించే చిన్న సెన్సర్) మీద ఆనకూడదు. ఆనితే ల్యాండింగ్ పడ్డ ప్రతిసారీ పాడ్ కదిలి దొంగ బీట్లు నమోదవుతాయి, కిందపడితే ఎముక మీద నొక్కుకుంటుంది. ప్రొటెక్టర్ మార్చే ముందు స్ట్రాప్‌తో సహా వేసుకుని చూడటం మేలు.

మొదటి కొన్ని నిమిషాల్లో 200 దాటే వింత అంకెలు కనిపిస్తే వెంటనే బెంబేలెత్తకండి. చెమట పట్టని పొడి చర్మం మీద సింథటిక్ జెర్సీ రాసుకుని స్థిర విద్యుత్ పుట్టడం మామూలే. ఎలక్ట్రోడ్లను నీళ్లతో బాగా తడిపితే చాలావరకు పోతుంది. ఎలక్ట్రోడ్ జెల్ రాస్తే ఇంకా నిలకడ.

రికార్డు చదివేటప్పుడు గ్రాఫ్ ఆకారం చూడాలి. వ్యవధి ఒక్కసారి సరిగ్గా రెట్టింపై మళ్లీ మామూలైతే, బహుశా స్ట్రాప్ ఒక బీట్ వదిలేసింది. ఒక పొట్టి వ్యవధి, వెంటనే ఒక పొడుగు వ్యవధి జంటగా వస్తుంటే ఎక్టోపిక్ బీట్లను అనుమానించాలి. ఏ వరసా లేకుండా ప్రతి వ్యవధీ వేరుగా ఉండి, కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నా అలాగే సాగుతుంటే ఫిబ్రిలేషన్ అనుమానం. ఇవి అనుమానాలే, నిర్ధారణ డాక్టర్ పని. ఒక హెచ్చరిక: హార్ట్ రేట్ వేరియబిలిటీ (బీట్ల మధ్య వ్యవధిలో వచ్చే తేడాలు) లెక్కించే యాప్‌లు కొన్ని ఇలాంటి బీట్లను లోపాలుగా భావించి తుడిచేస్తాయి. ఆ 'కరెక్షన్' ఆపేసి, ముడి డేటా ఫైలును దాచుకోండి.

పాడ్ సొంత మెమరీలో ఒక సెషన్ గుండె వేగం నిల్వ ఉంటుంది. బీట్ల మధ్య వ్యవధులు కూడా కావాలంటే సాధారణంగా వాటిని రాసుకునే యాప్‌తో ఫోనో, వాచీయో మీతోపాటు ట్రాక్ మీదకు రావాలి. పిట్‌లో వదిలేస్తే బ్లూటూత్ అందదు. కొన్ని థర్డ్ పార్టీ యాప్‌లతో సెకనుకు 130 శాంపిళ్ల ఈసీజీ కూడా తీయొచ్చు. నడుపుతుండగా అది కండరాల అలజడిలో కలిసిపోతుంది. కాబట్టి ఆగి, వెనక్కి ఆనుకుని, చేతులు వదులుగా ఉంచి తీయండి. అదే సమయంలో మెడ దగ్గర నాడిని 30 సెకన్లు పట్టి, లయ సమంగా ఉందో లేదో చూడండి.

హెచ్10తో జతచేసిన వాచీ అలారం మీద నమ్మకం పెట్టుకోవద్దు. బైక్ అదురులో దాని వైబ్రేషన్ తెలియదు, గాల్లో ఉండగా తెర చూడటం ఆత్మహత్యా సదృశం. తల తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, చూపు మసకబారినా అంకెతో నిమిత్తం లేదు. చెయ్యెత్తి, రేసింగ్ లైన్ విడిచి, బైక్ ఆపేయడమే. స్పృహ తప్పితే గుండె డాక్టర్ చూసేదాకా మళ్లీ ఎక్కకూడదు.

మందుల విషయం స్ట్రాప్ కంటే పెద్దది. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవాళ్లకు గరిష్ఠ గుండె వేగం కోసం 220 నుంచి వయసు తీసేసే లెక్క పనికిరాదు. మందు వాడుతూనే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, డాక్టర్ చెప్పిన పరిమితినే యాప్‌లోని గుండె వేగం జోన్లలో పెట్టుకోవాలి. లయ తప్పినప్పుడు మాత్రమే ఫ్లెకైనైడ్ (లయను సరిచేసే మందు) వేసుకునేవాళ్లు, లయ కుదిరినట్టు గ్రాఫ్‌లో కనిపించినా అదే రోజు ట్రాక్ ఎక్కకూడదు. మందు ప్రభావం తగ్గేదాకా తీవ్ర వ్యాయామం వద్దని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతున్నవాళ్లకు దెబ్బలు తగిలే ఆటలే వద్దంటాయి అవే మార్గదర్శకాలు. మోటోక్రాస్ కచ్చితంగా ఆ కోవలోదే. అలాంటివాళ్లు ఈ స్ట్రాప్‌ను సైక్లింగ్‌కో రోయింగ్ మెషిన్‌కో వాడుకోవడం మా దృష్టిలో సరైన నిర్ణయం. ఆ మందులు వాడుతూ పడి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

నిర్వహణ తేలికే. సీఆర్2025 బటన్ సెల్ 400 గంటలు వస్తుందని కంపెనీ మాట. సెషన్ అవగానే పాడ్ విప్పేయాలి, లేదంటే తడి స్ట్రాప్ దాన్ని నడుస్తూనే ఉంచి సెల్ తినేస్తుంది. ప్రతిసారీ నీళ్లలో జాడించండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, బ్లీచ్ దగ్గరికి రానివ్వొద్దు. బాగా తడిపి, వంగి బిగించినా గ్రాఫ్‌లో బీట్లు తప్పిపోతుంటే పాడ్‌ను అనుమానించకండి. సాధారణంగా ముందు అరిగేది స్ట్రాప్, అది విడిగా దొరుకుతుంది.