ఇంటికి నర్సును పెట్టుకోబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

రాత్రి పదకొండున్నరకి అమ్మని హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చాం. ఇప్పుడు ఒంటిగంట దాటింది. నిద్ర రావట్లేదు, కోపం తగ్గట్లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. మాది వనస్థలిపురం. అమ్మకి 78 ఏళ్లు. షుగరుంది, బీపీ ఉంది, అయినా మొన్న ఉగాది దాకా సంచీ పట్టుకుని రైతుబజారుకి తనే వెళ్లొచ్చేది. బాత్రూంలో కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి కీలులో బంతి మార్చారు. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు, నాలుగో రోజుకి కమోడ్ దాకా నడిచింది. డాక్టరుగారు కూడా, ఈ వయసుకి ఇంత త్వరగా కోలుకోవడం అదృష్టం అన్నారు. నేను బ్యాంకులో పనిచేస్తాను, ఉన్న సెలవులన్నీ అయిపోయాయి. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. ఇంక ఇంటికి నర్సును పెట్టుకోవడమే దారి అనుకున్నాం.

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. డిశ్చార్జి బిల్లు కట్టే కిటికీ దగ్గర వాళ్ల కార్డులు పేర్చి ఉంటాయి, ఈ మధ్య ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అయినవాళ్లకి ఎలాంటివాళ్లో తెలిసే ఉంటుంది. ఫోన్ చేస్తే అవతలాయన ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. 24 గంటలు ట్రెయిన్డ్ నర్సు, నెలకి 36,000, రిజిస్ట్రేషన్ 5,000, అంతా ముందే కట్టాలి, మనిషి నచ్చకపోతే ఇంకొకరిని పంపుతాం కానీ డబ్బు వెనక్కి ఇవ్వం. ఆ ఆఖరి మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆ సాయంత్రమే డిశ్చార్జి, మర్నాడు పొద్దున్నే నాకు డ్యూటీ. కట్టేశాను.

వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. నీలం యూనిఫాం, మెడలో ఐడీ కార్డు, చంకలో ఒక ఫైలు. ఆ ఫైలు చూసే నేను నమ్మాను. బీపీ ఎంత, షుగర్ ఎంత, నీళ్లు ఎన్నిసార్లు తాగారు, మందులు ఎప్పుడు వేశారు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పారా లేదా, అన్నిటికీ గడులు గీసిన చార్టు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇంటికి రాగానే చెప్పులు విప్పి ముందు ఆ చార్టే చూసేదాన్ని. ఎక్కడా ఖాళీ ఉండేది కాదు, అన్నీ టిక్కులే. ఫోటో తీసి తమ్ముడికి పంపేదాన్ని. వాడు చూసి "హమ్మయ్య అక్కా" అని పెట్టేవాడు. ఇద్దరం నిశ్చింతగా ఉన్నాం. ఆదివారం ఆదివారం కింద ఒక సంతకం అడిగేది. పెట్టేదాన్ని.

అమ్మ చెబుతూనే ఉంది. ఐదో రోజో ఆరో రోజో "నడుం కింద మంటగా ఉందే అమ్మాయ్" అంది. ఆ పిల్లని అడిగితే "పడుకునే ఉంటారు కదా మేడం, అలాగే ఉంటుంది, పౌడర్ రాసి బాగా రుద్దాను" అంది. మర్నాడు కంపెనీ వాళ్లు గాలి నింపిన రింగు ఒకటి పంపారు, దానికి 900. దాని మీద కూర్చోబెడితే మంట పోతుందన్నారు. నేను సరేనన్నాను. దుప్పటి తీసి, అమ్మని పక్కకి ఒత్తిగించి, నా కళ్లతో నేను చూడటానికి రెండు నిమిషాలు పట్టేది. చూడలేదు. అలిసిపోయి వచ్చాననీ, చూసుకోవడానికి మనిషి ఉంది కదా అనీ అనుకున్నాను. ఆ రెండు నిమిషాలే ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వట్లేదు.

ఇంకోటి. హాస్పిటల్లో నడిచిన మనిషికి ఇక్కడ డైపర్ వేసి మంచాన పడేశారు. లేపితే పడిపోతారట, అది తమ మీదకి వస్తుందట. ఫిజియోథెరపీ అబ్బాయి వారానికోసారి వచ్చేవాడు. రెండోసారి వచ్చి అమ్మ కాళ్లు పట్టి చూసి నా మీద కేకలేశాడు. రోగం రొష్టు లేని పెద్దవాళ్లనే పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచితే కాళ్ల కండ ఇంచుమించు కిలో దాకా కరిగిపోయిందట, అమెరికాలో పరీక్షించి 2007లో రాశారట. "మీ అమ్మగారికి ఆపరేషన్ అయింది, షుగరుంది, ఎవరు చెప్పారు మీకు పడుకోబెట్టమని" అన్నాడు. వెంటనే కంపెనీకి ఫోన్ చేసి రోజుకి నాలుగుసార్లు లేపి నడిపించమని చెప్పాను. మర్నాటి నుంచి చార్టులో "వాకింగ్" అని కొత్త గడి వచ్చింది. అందులో నాలుగు టిక్కులు. అదీ నమ్మాను.

పదిహేడో రోజు. బ్యాంకులో తలనొప్పి భరించలేక పర్మిషన్ పెట్టి నాలుగున్నరకల్లా ఇంటికొచ్చాను. తాళంచెవి నా దగ్గరే ఉంది, తీసుకుని లోపలికెళ్లాను. హాల్లో సోఫా మీద ఆ పిల్ల ఒళ్లు తెలీకుండా నిద్రపోతోంది. అమ్మ వెల్లకిలా, పొద్దున నేను వెళ్లేటప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నేను పొద్దున పెట్టిన నీళ్ల గ్లాసు మూత తీయకుండా అలాగే ఉంది. గదిలో ఏదో వాసన. అలవాటు కొద్దీ చార్టు చేతిలోకి తీసుకున్నాను.

ఆరు గంటల గడిలో టిక్కు. ఎనిమిది గంటల గడిలో టిక్కు. రాత్రి పది గంటల గడిలో టిక్కు.

గోడ గడియారం చూశాను. నాలుగూ ముప్పై ఐదు.

ఇంకా రాని గంటల్లో మా అమ్మని పక్కకి తిప్పేసినట్టు రాసి ఉంది. రాత్రి భోజనానికి ముందు షుగర్ 142 అని కూడా రాసి ఉంది. ఆ అంకె చూడగానే నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఎంత ఉంటే ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేయాలో డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారు, దాన్ని బట్టి రోజూ రాత్రి ఇంజెక్షన్ చేస్తోంది నేనే. షుగర్ చూసే మిషన్ తీసి వెనక్కి నొక్కుకుంటూ వెళ్లాను. అందులో ఆఖరిసారి చూసిన తేదీ నాలుగు రోజుల కిందటిది. కనీసం మూడు రాత్రులు నేను ఎవరో ఊహించి రాసిన అంకె చూసి అమ్మకి ఇన్సులిన్ పొడిచాను. షుగర్ పడిపోయి నిద్రలోనే ఏమైనా జరిగి ఉంటే!

తర్వాత ఫోన్లో తమ్ముడికి పంపిన ఫోటోలన్నీ తీసి చూశాను. ఎనిమిదీ పదికి తీసిన ఫోటో, పది గంటల గడిలో టిక్కు. అంతకు ముందు రోజుది, ఎనిమిదీ ఐదు, పది గంటల గడిలో టిక్కు. మొదటి మూడు రోజులు తప్ప అన్నీ అంతే. నా ఫోన్లోనే ఉన్నాయి, నేను తీసినవే. టిక్కులున్నాయా లేదా అని చూశానే కానీ పైన రాసిన గంట ఎంతో ఒక్కరోజూ చూడలేదు.

అమ్మని తిప్పాను. నడుం కింద, పిర్రల పైన ఎముక ఉండే చోట, నా అరచేతిలో సగం ఉంటుంది, నల్లగా పెచ్చు కట్టి ఉంది. చుట్టూ ఎర్రగా ఉబ్బి, అంచుల్లోంచి చీము. ఎడమ మడమ మీద ఇంకోటి, చిన్నది. నేను ఏడుస్తుంటే అమ్మ అంటుందీ, "ఆ పిల్లని తిట్టకే, దానికీ ఎవరూ లేరట".

ఆ పిల్ల లేచి వణికిపోయింది. నర్సింగ్ ఎక్కడ చదివావని అడిగితే ఏం చదవలేదట. ఇంటర్ మధ్యలో మానేసింది, కంపెనీలో పది రోజులు నేర్పి పంపారు. నేను కట్టే 36,000లో తన చేతికి వచ్చేది 12,000. చార్టు మొత్తం సాయంత్రంలోపు నింపేసి ఫోటో పంపమని ఆఫీసు నుంచే చెబుతారట, పంపకపోతే జీతంలో కోత పెడతారట. దాని మీద నాకు కోపం లేదని చెప్పను, ఉంది. కానీ దాన్ని నర్సని చెప్పి నా ఇంటికి పంపినవాడి మీద ఉన్న కోపం ముందు అది ఏపాటి.

వాడికి ఫోటో పంపి ఫోన్ చేశాను. నేను చెప్పింది మొత్తం విన్నాడు. విని అన్నాడు కదా, "మేడం, ఎనభై దగ్గర పడ్డ మనిషి. ఈ వయసులో ఇవన్నీ మామూలే. ఎన్నాళ్లని చూసుకుంటారు మీరు మాత్రం" అని.

ఎన్నాళ్లని! ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆవిడ మా అమ్మ. నాన్న పోయాక కుట్టు మిషన్ తొక్కి మా ఇద్దరినీ చదివించిన మనిషి. రెండు నెలల కిందటి దాకా మూడంతస్తులు మెట్లెక్కి వడియాలు ఎండబెట్టిన మనిషి. ఆవిడకి ఎన్నాళ్లుందో లెక్క కట్టడానికి వీడెవడు?

డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. అప్పుడు గొంతు మారింది. "చార్టు మీద వారం వారం మీరే సంతకం పెట్టారు కదా మేడం, సేవలు తృప్తిగా ఉన్నాయని. మా దగ్గర కాపీలున్నాయి." అని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ చార్టు అమ్మ కోసం కాదు, నా సంతకం కోసం తయారుచేసిందని అప్పుడు తెలిసింది. చదివి చూస్తే సంతకం పక్కన చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది కూడా.

హాస్పిటల్లో ఐదు రోజులు ఉన్నాం. చచ్చిన చర్మం కోసి తీసేశాక లోపల కొవ్వు కనబడింది. కదలకుండా పడుకుని ఉంటే వచ్చే ఇలాంటి పుండ్లకి (బెడ్ సోర్స్ అంటారు) నాలుగు దశలుంటాయట, అమ్మది మూడోది. ఇంకాస్త ఆగితే ఎముక కనిపించేదన్నారు. షుగర్ వల్ల మానడానికి నెలలు పడుతుందట.

డ్రెస్సింగ్ చేసే సిస్టర్ ఒకావిడ ఉంది, ముప్పై ఏళ్ల సర్వీసట. ఆవిడ నాకు పక్కన కూర్చుని నేర్పింది. మొదటి దశలో చర్మం చిట్లదు, ఎర్ర మచ్చ ఒక్కటే వస్తుంది. దాని మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే లోపల రక్తం ఆడట్లేదని. చామనఛాయ, నలుపు ఒళ్లవాళ్లకి ఎరుపు సరిగ్గా తెలియదు, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో తగులుతుంది. ఆ రోజు పట్టుకుని ఆ చోటు మీద బరువు పడకుండా చూస్తే చాలావరకు అక్కడే ఆగిపోతుందట. అంటే అమ్మ మంటగా ఉందన్న రోజున. అలాంటి చోట రుద్దకూడదు, రుద్దితే లోపల ఇంకా చితికిపోతుంది. గాలి రింగు చూపిస్తే తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. దాని అంచులు చుట్టూ నొక్కేసి మధ్యలోకి రక్తం రానివ్వవట. పూర్తిగా పక్కకి పడుకోబెట్టినా తుంటి ఎముక మీద బరువు పడుతుంది కాబట్టి వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచాలి, పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేట్టు చూడాలి. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. తిండిలో గుడ్డు, పప్పు, పెరుగు పెంచాలి, లేకపోతే పుండు మానదు. ఇవన్నీ 36,000 పుచ్చుకున్నవాళ్లు చేయాల్సిన పనులు.

మీరు ఎవరినైనా పెట్టుకుంటుంటే, నర్సు అంటే ఏం చదివారో అడగండి. నర్సింగ్ కోర్సుల్లో ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అది చూపించమనండి. చూపించకపోతే ఆ మనిషి అటెండెంట్, అటెండెంట్ జీతమే మాట్లాడుకోండి, ఇంజెక్షన్లు, గాయాల పని అప్పజెప్పకండి. నెల డబ్బు ముందే మొత్తం కట్టకండి. చార్టు మీద చదవకుండా సంతకం పెట్టకండి. షుగర్ అంకె మిషన్‌లోనే చూడండి. రోజుకోసారి వీపు, నడుం, తుంటి, మడమలు మీ కళ్లతో చూడండి, అమ్మానాన్నలు సిగ్గుపడినా సరే.

నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు కూడా వేస్తున్నాను. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. చార్టు ఫోటోలు, మిషన్‌లో తేదీలు, పుండు ఫోటోలు, హాస్పిటల్ కాగితాలు అన్నీ దాచాను. పెద్దవాళ్లని ఇంట్లో ఎవరైనా ఇలా వదిలేస్తే 14567 అని వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, అది కూడా రాసిపెట్టుకోండి. ఆ పిల్ల మీద మాత్రం ఫిర్యాదు ఇవ్వలేదు, అమ్మ వద్దంది.

వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు నిజంగా జీఎన్ఎం చదివి ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసే సిస్టర్ ఎవరైనా మీకు తెలిసి, మీ ఇంట్లో చేయించుకుని ఉంటే చెప్పండి. వచ్చే సోమవారం దాకా సెలవు దొరికింది, తర్వాత ఏం చేయాలో తెలియట్లేదు.

రెండు గంటల అలారం మోగుతోంది. అమ్మని ఎడమవైపుకి తిప్పాలి.