నెపోలియన్ పట్టాభిషేకం: లూవ్ర్‌లో చూడాలా, వెర్సాయ్‌లోనా?

ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ గీసిన ఈ వర్ణచిత్రం రెండుచోట్ల ఉంది. అసలుది (1805–07) ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో. దావీదే మళ్లీ గీసి 1822లో ముగించిన రెండోది ప్యారిస్ శివారులోని వెర్సాయ్ ప్యాలెస్‌లో. ఒక్కరోజే చేతిలో ఉంటే లూవ్ర్‌కే వెళ్లండి.

లూవ్ర్‌కు మంగళవారం సెలవు. బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం స్లాట్ తీసుకుంటే కాస్త ఊపిరాడుతుంది. 2026 జనవరి నుంచి మన పాస్‌పోర్టు వాళ్లకు టికెట్ 32 యూరోలు, 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. సూట్‌కేసుతో స్టేషన్ నుంచి నేరుగా వెళ్లకండి, 55×35×20 సెం.మీ. దాటిన బ్యాగును లోపలికి రానివ్వరు.

చిత్రం దెనోన్ వింగ్ మొదటి అంతస్తులో, 702వ గదిలో ఉంది. మోనాలిసా గది పక్కనే. అక్కడి తోపులాటలో నీరసపడి వచ్చినవాళ్లు దీన్ని నడుస్తూనే చూసేస్తారు. అందుకే ముందు ఇది, తర్వాతే మోనాలిసా. 6.21 మీటర్ల ఎత్తు, 9.79 మీటర్ల వెడల్పు కాబట్టి మొదట ఎదురు గోడ దాకా వెనక్కి జరిగి చూడాలి. తర్వాత దగ్గరికెళ్లి పోప్ కుడిచెయ్యి చూడండి. మొదట చేతులు ఒళ్లో పెట్టుకున్నట్టే గీశాడు, ఆశీర్వదిస్తున్నట్టు మార్చింది నెపోలియన్ మాట మీద. నడుమ బాల్కనీలో దర్జాగా కూర్చున్న నెపోలియన్ తల్లి, పట్టాభిషేకం జరిగిన 1804 డిసెంబరు 2న అసలు నోత్రదామ్ చర్చిలోనే లేదు! ఆమెకు పైన, రెండో బాల్కనీలో బొమ్మ గీసుకుంటున్నవాడు దావీదే.

వెర్సాయ్‌కు సోమవారం సెలవు. అక్కడి చిత్రంలో నెపోలియన్ చెల్లెళ్ల వరుసలో ఒకరి గౌను గులాబీ రంగు, లూవ్ర్‌లో అందరివీ తెలుపే. ఈ ఒక్క తేడా కోసం పూట ఖర్చుపెట్టక్కర్లేదు. ప్యాలెస్ ఎలాగూ చూస్తారనుకుంటే సరే.

బసకు ప్యారిస్‌లోని సాన్-మిషెల్ ప్రాంతం నయం. గదులు ఇరుకు, కొన్నిచోట్ల లిఫ్టు ఉండదు, బుక్ చేసేముందే అడగండి. పట్టాభిషేకం జరిగిన నోత్రదామ్ అక్కడికి నాలుగడుగులే, ప్రవేశం ఉచితం. లూవ్ర్‌కు నడిచే వెళ్లొచ్చు. వెర్సాయ్‌కి అక్కడే ఆర్‌ఈఆర్ సి అనే శివారు రైలు దొరుకుతుంది, కానీ బోర్డుమీద ‘వెర్సాయ్ షాతో రీవ్ గోష్’ అని ఉంటేనే ఎక్కండి. ‘షాంతియే’ స్టేషన్ వైపు రైలెక్కితే దిగాక ప్యాలెస్‌కు నడక ఎక్కువ. వేసవిలో ఈ లైను నగరం నడుమ మరమ్మతులకు ఆపుతుంటారు, ముందురోజే చూసుకోండి.