మైపాడు ఉప్పుగాలి, సోమశిల ఎండ: సొంతంగా చేసుకునే క్యాంపర్ ట్రైలర్‌కు నేల, గోడలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కారు వెనక ట్రైలర్ తగిలించుకుని తిరిగితే, ఒకే వారంలో మైపాడు ఉప్పుగాలీ సోమశిల ఎండా రెండూ తగులుతాయి. అక్టోబరు, డిసెంబరు మధ్య బయల్దేరితే వాయుగుండం వాన కూడా తోడవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే ట్రైలర్ ప్లాన్లు ఎక్కువగా చలిదేశాల కోసం గీసినవి. వాటిలో నేల, గోడల పొరల వరస ఇక్కడ ఉన్నదున్నట్టు దించితే రెండో వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బుతుంది. ఇక్కడి దారులకు ఏది నిలబడుతుందో, ఆ పని ఎవరి చేత చేయించుకోవాలో చూద్దాం.

ముందు కొలత. లోపల 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఇద్దరికి చాలు. చక్రాలు బాడీ బయటే ఉంటాయి కాబట్టి నేలకు గంట్లు కొట్టే పని లేదు. 8x4 ప్లైవుడ్ షీటును పొడవు వెంబడే పరిచి, మిగిలిన అడుగు వెడల్పుకు రెండో షీటులోంచి ముక్క కోయాలి. షీటును అడ్డంగా కోసి రెండు ముక్కలు పరిస్తే కోత సులువే గానీ, పైపొర నార (చెక్క గీతలు పోయే దిశ) అడ్డపైపుల వెంబడే, అంటే నేల కింద వెడల్పు వెంబడి వేసే ఇనుప పైపుల వెంబడే పోతుంది, అడుగు వేసినప్పుడల్లా నేల ఊగుతుంది. నార ఎప్పుడూ పైపులకు అడ్డంగా పోవాలి. అడుగు ముక్క అతుకు బెంచీ కిందికి వచ్చేలా, ఆ అతుకు కింద పొడవు వెంబడి ఒక పైపు ఉండేలా చూసుకోవాలి.

ఫ్రేముకు 40x40 మి.మీ., 2 మి.మీ. మందం స్క్వేర్ ట్యూబు చాలు. మీటరు సుమారు 2.3 కిలోలు తూగుతుంది. అడ్డపైపులు 16 అంగుళాలకు ఒకటి చొప్పున మొత్తం 7. ఆ దూరంలో 12 మి.మీ. ప్లై వంగదు. 18 వేస్తే గట్టిగా ఉంటుందని షాపులో అంటారు గానీ, దాంతో 14, 15 కిలోలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. లారీ షెడ్డువాళ్లు 3 మి.మీ. చెకర్డ్ ప్లేటు వేద్దామంటే ఒప్పుకోవద్దు. ఇదే నేలకు ఆ ఒక్క రేకే 90 కిలోలు దాటుతుంది, పైగా పెనంలా కాలుతుంది.

ప్లైవుడ్ కొనేటప్పుడు 'మెరైన్' అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి. షీటు మీద ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి ఉన్న భారతీయ ప్రమాణం) ముద్ర చూడండి. ఐఎస్ 303 ఇంటి అల్మారాలకు సరిపోతుంది, చక్రాలు చిమ్మే నీళ్లకు సరిపోదు. 710 ప్రమాణం ప్రకారం ముక్కను 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు. ఇంట్లో రెండంగుళాల ముక్కను ఒక పూట మరిగించినా చాలు, జిగురు తక్కువదైతే అంచు పొరలు విచ్చుకుంటాయి.

ఈ తీరంలో నేల కుళ్లేది పైనుంచి కాదు, కిందినుంచి. మైపాడు రోడ్డు మీద వానలో పది కిలోమీటర్లు పోతే చక్రాలు చిమ్మే నీళ్లు అడుగుభాగాన్నంతా తడిపేస్తాయి. కోసిన అంచు ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే అడుగుభాగానికి, నాలుగు అంచులకు ఫైబర్ పొర వేయించాలి. దీనికి కారు బాడీ షాపుల కంటే జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు ఫైబర్ బోట్లకు మరమ్మతు చేసే పనివాళ్లు మేలు. ఉప్పునీటిలో ఏ అతుకు విడిపోతుందో వాళ్లకు చేతితో తెలుసు. బోట్ల పని ముమ్మరంగా ఉన్నప్పుడు మీ పని వెనక్కి పోతుంది కాబట్టి చేపల వేట నిషేధం ముగిసే ముందు రోజుల్లో వెళ్లొద్దు.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే ఫైబర్ గ్లాసు మ్యాట్ ఒక పొర చాలు. ఈ నేలకు మ్యాట్ దాదాపు 1.7 కిలోలు, పాలిస్టర్ రెజిన్ 4 కిలోలు పడుతుంది. అంచులకు మరో కిలో చేతిలో ఉంచుకోవాలి. ప్లైని తిరగేసి ముందు పల్చగా రెజిన్ పూసి, అది ఇంకా జిగటగా ఉండగానే మ్యాట్ పరిచి రోలరుతో గాలి బుడగలు తీయాలి. వేసవిలో కేటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) ఒక శాతం మించితే డబ్బాలోనే గడ్డకడుతుంది, కాబట్టి పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. కోబాల్టునూ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం) కేటలిస్టునూ నేరుగా కలపకూడదు, కలిపితే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. రెజిన్‌లో ముందు కోబాల్టు బాగా కలిపాక, ఆఖరున కేటలిస్ట్. పైభాగానికి మాత్రం ఫైబర్ వేయొద్దు, పెయింటు చాలు. రెండు వైపులా మూసేస్తే లోపల చిక్కిన తేమకు దారి ఉండదు. లినోలియం షీటు అంటించడం కూడా ఇందుకే తప్పు. ఎత్తి దులుపుకొనే చాప పరుచుకోండి, బీచి ఇసుక ఎలాగూ వస్తుంది.

బిగింపుకు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు వద్దు. అడ్డపైపుకు 5 చొప్పున 35 స్టీలు బోల్టులు, 6 మి.మీ. లావు, 65 పొడవు, నైలాక్ నట్లతో (అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ ఉండేవి). ప్లైలో రంధ్రం ముందు 10 మి.మీ. తొలిచి, ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 6 మి.మీ. తొలవాలి. అప్పుడు బోల్టు చుట్టూ ఉండేది చెక్క కాదు, ఎపాక్సీ. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ పదేళ్ల నేలకూ రెండేళ్ల నేలకూ తేడా ఇక్కడే. బోల్టులు పైపుల్ని దాటి పోతాయి కాబట్టి పైపులో నీరు చేరక మానదు. ప్రతి పైపు కింద చివర ఒక 6 మి.మీ. రంధ్రం పెట్టించండి. వెల్డింగ్ షెడ్డుల్లో కిట్టం గీకకుండానే రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తారు. పక్కన నిలబడి వైర్ బ్రష్షు పట్టించి, వెల్డుల మీద జింకు ప్రైమరు, ఆపైన ఎపాక్సీ ప్రైమరు వేయించాలి.

గోడ విషయంలో అసలు ప్రశ్న పొరల వరస. చలిదేశాల ప్లాన్లలో తేమను ఆపే ప్లాస్టిక్ పొర లోపలి వైపు ఉంటుంది. మన తీరంలో ఏసీ వేస్తే చల్లబడేది లోపలి పలక, ఉక్కబోత ఉండేది బయట. బయటి తేమ గోడలోకి దూరి లోపలి ప్లై వెనక నీరవుతుంది. అందుకని ఆపే పొర బయటే ఉండాలి. 3 మి.మీ. ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ ఉండేది) ఆ పని చేస్తుంది, అతుకులన్నీ సీలయితే. లోపలి ప్లై మీద సన్‌మైకా అంటించకుండా పెయింటుతో వదిలేయండి.

మధ్యలో వేడిని ఆపడానికి 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి పాలిస్టైరిన్ ఫోమ్) పలక. ఫైబర్ గోడ వేయించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పాలిస్టర్ రెజిన్ థర్మోకోల్‌నూ ఎక్స్‌పీఎస్‌నూ కరిగించేస్తుంది. ఫైబర్ కావాలంటే పఫ్ (పాలీయూరిథేన్ ఫోమ్) పలకే దారి. రొయ్యలు మోసే ఇన్సులేటెడ్ బండ్లకు బాడీలు కట్టే షెడ్డుల్లో పఫ్ దొరుకుతుంది, అదే మందానికి ఎక్స్‌పీఎస్ కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ వేడిని లోపలికి రానిస్తుంది. ఆ షెడ్డులవాళ్లు బరువు గురించి ఆలోచించరు. మీరు అడిగి తగ్గించుకోవాలి. గోడలు, కప్పు కలిపి సుమారు 17 చదరపు మీటర్లు, లోపలి ప్లై 6 బదులు 4 మి.మీ. వేస్తే 20 కిలోలు తగ్గుతుంది.

ఏసీపీని బిర్రుగా రివెట్లతో బిగిస్తే వంకరపోతుంది. ఎనిమిది అడుగుల షీటు రాత్రికీ మధ్యాహ్నానికీ 2 మి.మీ. దాకా సాగుతుంది. 3 మి.మీ. మందాన పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్ పరిచి అంటించండి, అంచుల్లో మాత్రం కొద్ది రివెట్లు, పెద్ద రంధ్రాలతో. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ జింకును తింటుంది, దాన్ని ఛాసిస్ దగ్గరికి రానివ్వొద్దు. మామూలు ఏసీపీ నడుమ ఉండేది ప్లాస్టిక్, మంటకు అంటుకుంటుంది, కాబట్టి పొయ్యి ట్రైలర్ బయటే.

గోడ నేల మీద కూర్చోకూడదు. బయటి షీటు నేల అంచు దాటి 25 మి.మీ. కిందికి వేలాడాలి, పెంకుటింటి చూరులాగా. గోడ మీది నీరు అక్కడే కారిపోతుంది. లోపలి ప్లై నేలకు 5 మి.మీ. పైనే ఆగాలి.

ఇక బస. మైపాడులో టూరిజం వాళ్ల రిసార్టు దగ్గర గట్టినేల మీద ఆపడం నయం. ఇసుకలోకి దింపితే చక్రాలు దిగబడతాయి, ఛాసిస్ ఉప్పు ఇసుకను మోస్తుంది. కొత్తపట్నంలో సరుగుడు తోటల నీడ, గాలి రెండూ ఉంటాయి, తోట యజమాని ఒప్పుకుంటే రాత్రికి అంతకన్నా హాయి లేదు. సోమశిల, ఉదయగిరి దగ్గర మంచినీళ్లకూ నీడకూ వెతుక్కోవాలి. అక్కడ మే నెలలో తెల్లటి ఏసీపీకీ ముదురు రంగుకూ తేడా చేతితో తాకితే చాలు, తెలుస్తుంది. పెంచలకోనలో గుడి దగ్గర ఆపండి, అభయారణ్యం వైపు అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు, కోతులు కిటికీ రబ్బర్లు పీకేస్తాయి. పదహారో నంబరు హైవే మీద లారీలు ఆగే పెట్రోలు బంకుల్లో భద్రత ఉంది గానీ నిద్ర ఉండదు. వాయుగుండం ఉందంటే ఎక్కడికీ కదలొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర ఇదే హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి.

చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. మొదటి పైపు కోయకముందే కొలతలు గీసిన కాగితంతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, రిజిస్ట్రేషన్‌కు ఏమేం కావాలో రాయించుకోండి. బాడీ అయ్యాక లైట్లు, ఇరుసు మార్చమంటే సీలు చేసిన నేలకు మళ్లీ రంధ్రాలు పడతాయి.